మా యింట బంతియాట తగవు

ఆటలను గూర్చి వ్రాయుటకు నాకేమి యధికారము కలదని మీరడుగవచ్చును. నాకు డెబ్బది యేండ్లు. చిన్ననాడు తెనాలి దగ్గర మా పల్లెలో అచ్చనగాయలు, తొక్కుడుబిళ్ళ, దాగుడుమూతలు తప్ప వేరొక యాట నెరుగను. క్రికెట్టనగా మా మగపిల్లలు పరీక్షలకు చదువక రేడియోకు చెవి యొగ్గి కూర్చుండుటకు పెట్టుకొన్న సాకని యెంచియుంటిని. అట్టి నేను 2025వ సంవత్సరమున ఏప్రిల్ మొదలు అక్టోబరు వరకు ఆరు మాసములు అమెరికాలో మా అమ్మాయి యింట నుండి వచ్చితిని. ఇరుగుపొరుగువారు నయాగరా చూచితివా యని యడుగుచున్నారు. చూచితిని. కాని నా మనస్సున నిలిచియున్నది ఆ నీటిధార కాదు. మా అల్లునికిని అతని అన్నగారికిని బేస్‌బాల్ అను ఆటను గూర్చి జరిగిన తగవు.

మా అమ్మాయి కాపురము మసాచుసెట్సు రాష్ట్రములో వూస్టరు పట్టణము నానుకొనియున్న ష్రూస్‌బరీ అను ఊరిలో. బోస్టను మహానగరమునకు పడమట నలుబది మైళ్ళ దూరము. ఆ వైపువారికి బోస్టను రెడ్‌సాక్స్ జట్టు కులదైవము వంటిది. మా అల్లుడు ఇరువది యేండ్లుగా అక్కడ నుండుటచే ఆ భక్తిలో మునిగినాడు. అతని అన్నగారు న్యూజెర్సీలో నుందురు. ఆయన న్యూయార్కు యాంకీల పక్షము. ఒక తల్లి కడుపున పుట్టి, ఒక్క కంచమున తిని పెరిగినవారు గదా, ఈ విషయమున మాత్రము పలనాటివారి కోళ్ళవలె కలియబడుదురు. ఆదివారము వచ్చినదనగా టెలిఫోను స్పీకరులో పెట్టుదురు. నేను వంటయింట గుత్తివంకాయ కూరుచుండగా నూరేండ్ల నాటి కథలు నా చెవిని పడుచుండెడివి.

ఆ కథలలో మూలకథ యిది. 1919వ సంవత్సరాంతమున బోస్టనువారు తమ జట్టులోని బేబ్ రూత్ అను మహావీరుని లక్ష డాలర్లకు న్యూయార్కువారికి అమ్ముకొనిరి. అంతకు ముందే అయిదుమార్లు ప్రపంచ విజేతలైన బోస్టనువారు 1918 తరువాత మరల 2004 వరకు, అనగా 86 యేండ్లు, ఆ బిరుదము మొగము చూడలేదు. ఇది రూత్ శాపమని జనులు చెప్పుకొనిరి. విమానములు కనిపెట్టిన దేశములోను శాపములను నమ్ముదురని విని నాకు కొంత ధైర్యము కలిగెను. 2004లో ఈ రెండు జట్లకే పోటీపడగా బోస్టనువారు మొదటి మూడాటలును ఓడి, పిమ్మట వరుసగా నాలుగాటలును గెలిచి శాపము పోగొట్టుకొనిరట. ఈ కథను మా అల్లుడు చెప్పునపుడు కన్నులు చెమర్చును. అంతయు విని అన్నగారు అటునుండి, "సరేరా, మాకు ఇరవైయేడు బిరుదులు, మీకు తొమ్మిది. లెక్క వచ్చునా?" అనును. అంతటితో ఫోను పెట్టివేయుట జరుగును. మరల ఆదివారము యథాప్రకారము.

ఆట సంగతి కొంచెము చెప్పవలెను. బంతి విసరువాడు అరువదడుగుల ఆరంగుళముల దూరమున నిలిచి విసరును. గంటకు తొంబదియైదు మైళ్ళ వేగమున వచ్చు బంతి కొట్టువానిని చేరుటకు సెకనులో నాలుగుపదవవంతులే పట్టును. ఆ రెప్పపాటులో అది నేరుగా వచ్చునా, వంగునా, జారునా యని తేల్చుకొని గుండ్రని కఱ్ఱతో గుండ్రని బంతిని కొట్టవలెను. కావున పదిమార్లు నిలిచి మూడుమార్లు సరిగా కొట్టినవాడు ఈ యాటలో గొప్పవాడు. 1941లో బోస్టను జట్టువాడైన టెడ్ విలియమ్స్ 456 పర్యాయములలో 185 మార్లు కొట్టెను. అనగా పదింట నాలుగుకు పైమాట. అది జరిగి ఎనుబది యేండ్లు దాటినను అమెరికన్, నేషనల్ లీగులలో మరియొకడు పూర్తి యేడాదిలో పదింట నాలుగును అందుకొనలేదు. ఆ యేటి కడపటినాడు ఆడక కూర్చున్నను అతని లెక్క నాలుగుగానే నిలిచియుండెడిదట. అయినను అతడు కూర్చొనక రెండాటలును ఆడి ఎనిమిదింట ఆరు కొట్టెను. ఇది విన్ననాడు నేను మా అల్లునితో, "బాబూ, ఈయన బోస్టనువాడైనను మీ అన్నగారు కూడ మెచ్చుకొందురా?" యని యడిగితిని. "ఆ ఒక్కడి విషయంలో నోరెత్తడు అత్తయ్యగారూ" అనెను.

అయితే ఈ అన్నదమ్ముల తగవున పెద్ద భాగము గతించినవారిని గూర్చి కాదు, రాబోవువారిని గూర్చి. ఒక్కొక్క పెద్ద జట్టునకును క్రింద మెట్లుమెట్లుగా చిన్న జట్లుండును. బోస్టనువారి పై మెట్టు జట్టు 2021 నుండి మా అమ్మాయి యింటి ప్రక్కనున్న వూస్టరులోనే ఆడుచున్నది. పదునెనిమిది, ఇరువది యేండ్ల కుర్రవాండ్రు ఆ మెట్లెక్కి వచ్చుచుండగా, ఎవడు నిలుచును, ఎవడు జారును అని దేశమంతయు లెక్కలు కట్టుచుండును. వాని భుజములెట్టివి, నడుము తిరుగుట యెట్టిది, కన్నెట్టిది — ఈ మాటలు నేను మా చిన్ననాట పశువుల సంతలో వినియుంటిని. ఒంగోలు గిత్తను చుట్టుముట్టి పండ్లు చూచి, మూపురము తడిమి, సుడులు లెక్కపెట్టి, నాలుగడుగులు నడిపించి, "పై యేటికి దుక్కికి వచ్చునా?" యని మా నాయనగారు అడిగెడివారు. మనలను పెండ్లిచూపులలో కూర్చుండబెట్టినపుడు మాత్రము తక్కువ జరిగినదా?

అన్నగారి పక్షమున జాసన్ డొమింగెజ్ అను డొమినికన్ దేశపు కుర్రవాడు కలడు. పదునారేండ్ల వయస్సున 2019లో యాంకీలు వానికి యాబదియొక్క లక్షల డాలర్లిచ్చి వ్రాయించుకొనిరట. వానికి కుజగ్రహవాసి యని ముద్దుపేరు. మానవమాత్రునివలె ఆడడని భావము. నాకు మాత్రము కుజుడనగానే దోషము స్ఫురించినది. పైకనలేదు. 2023 సెప్టెంబరు 1వ తేదీన వాడు పెద్ద జట్టులో మొట్టమొదటి పర్యాయము నిలిచి, జస్టిన్ వెర్లాండరు వంటి ప్రసిద్ధుడు విసరిన బంతిని హోమ్‌రన్ కొట్టెను. ఎనిమిదాటలైన పిమ్మట మోచేతి నరము తెగి శస్త్రచికిత్స పాలాయెను. నా అనుమానము వట్టిది కాదు!

మా అల్లుని పక్షమున ముగ్గురు. క్రిస్టియన్ క్యాంబెల్, మార్సెలో మేయర్, రోమన్ ఆంథొనీ. కడపటివాడు 2004 మే నెలలో, అనగా శాపము తీరిన యేటనే పుట్టినాడని మా అల్లుడు నాకు పదిమార్లు చెప్పెను. నేను పోవునప్పటికి క్యాంబెల్ పెద్ద జట్టులో చేరి యున్నాడు. ఇరువదిరెండేండ్లవాడు. మొదటి నెలలోనే క్రొత్తవారిలో మేటి యని బహుమానము పొందెను. ఎనిమిదేండ్లకు ఆరుకోట్ల డాలర్ల ఒప్పందము వ్రాసిరి. ఆ సంబరములో మా అల్లుడు నా మనుమనికి క్యాంబెల్ పేరుగల చొక్కా కొనిపెట్టెను. పదుమూడేండ్ల మా చిన్నవాడు దానిని ఉతుకనీయక తొడిగెడివాడు.

వాడును ఊరి పిల్లల జట్టులో ఆడుచుండెను. నేను రెండుమూడు మార్లు మడతకుర్చీ పట్టుకొనిపోయి చూచితిని. పరుగెత్తుటలో చురుకైనవాడు. కొట్టుటలో మాత్రము ఆ వసంతకాలమంతయు వానికి బంతి తగులలేదు. తగులనప్పుడు చెవులు ఎఱ్ఱవారును. ఆ చెవులు మా అన్నయ్యవి.

మే నెలాఖరున సెలవులకు అన్నగారు సకుటుంబముగా వచ్చిరి. సరిగా అప్పుడే మేయరును పెద్ద జట్టులోనికి పిలిచిరి. ఇంక చూడవలె మా యింట గొడవ! పెసరట్లు చల్లారిపోవుచున్నను లెక్కచేయువాడు లేడు. "మీ వాడు ఏప్రిల్ మొనగాడేరా, ఒప్పుకున్నాను. మే ఎండలకు చూడు, వాడిపోతున్నాడు" అని అన్నగారు. నిజమే, క్యాంబెల్ ఆ నెలలో కొట్టలేకపోవుచుండెను. "మీ కుజుడు ఆరేళ్ళనించి వస్తున్నాడు వస్తున్నాడు అంటూనే ఉన్నావు, రైలు ఇంకా స్టేషనుకి రాలేదు" అని తమ్ముడు. మా అమ్మాయి నాతో, "అమ్మా, వీళ్ళ గోల నీకెందుకు, నువ్వు తిను" అనెను. నేను నవ్వుచునే యుంటిని. మా మనుమడు పెదతండ్రి మాటకు బదులు చెప్పబోయి చెప్పలేక చొక్కా అంచు నలుపుచుండెను.

జూన్ 9వ తేదీన ఆంథొనీ వచ్చెను. మొదటినాడు ఒక్క హిట్టు లేదు సరికదా, మైదానమున బంతిని తప్పవిడిచెను కూడ. ఆ రాత్రి అన్నగారు ఫోను చేసి నవ్విన నవ్వు స్పీకరు లేకుండనే వినవచ్చెను. అదే నెల మూడవవారమున క్యాంబెలును క్రిందికి, వూస్టరునకు పంపివేసిరి. భోజనముల వేళ మా అల్లుడు చేతిలోని ఫోను బల్లపై పడవేసి, "వాడి పని అయిపోయింది. పనికిరాడు. ఎవడైనా తీసుకుంటానంటే ఇచ్చేయడం మేలు" అనెను. అతనికి దురుద్దేశము లేదు. నిన్నటివరకు వానిని నెత్తిని పెట్టుకొన్నవాడే. మా మనుమడు మజ్జిగ అన్నము విడిచి లేచి పోయెను.

ఆ రాత్రి వాడు నా గదిలోనికి వచ్చి, మడిచిన చొక్కాను నా పెట్టెలో అడుగున పెట్టి, "అమ్మమ్మా, ఇది ఇండియాకి తీసుకెళ్ళి ఎవరికైనా ఇచ్చెయ్" అనెను. ఎందుకురా అనగా చాలసేపు పలుకలేదు. పిదప చెప్పెను. వేసవి జట్టునకు పన్నెండుగురిని ఏరిరట. వాడు లేడు. నాలుగు దినములైనది. ఇంట చెప్పలేదు. అభ్యాసమునకు పోవుచున్నానని చెప్పి సైకిలుపై పోయి గ్రంథాలయములో కూర్చుండి వచ్చుచున్నాడట. "డాడీకి చెప్పకు. డాడీ నన్ను కూడా అంటాడు." ఏమనునని నేనడుగలేదు. బల్లయొద్ద విన్న మాటయే గదా.

నాకా రాత్రి నిద్ర రాలేదు. 1967లో మా అన్నయ్య ఎస్.ఎస్.ఎల్.సి. తప్పినాడు. ఫలితములు తెలిసిననాడు వీథి అరుగుమీద మా నాయనగారు నలుగురిలో కూర్చుండి, "వీడు చదువుకూ పనికిరాడు, సేద్యానికీ పనికిరాడు. సంతకు తోలితే కొనేవాడు కూడా ఉండడు" అనిరి. అందరును నవ్విరి. ఆయన కూడ నవ్వుచునే యనిరి. పండ్రెండేండ్ల దానను, మజ్జిగ చెంబుతో గుమ్మములో నిలిచియున్న నేనును నవ్వితిని. లోపల స్తంభము ప్రక్క అన్నయ్య యున్నాడు. తెల్లవారునప్పటికి లేడు. పదునొకండేండ్లకు, 1978లో, నాగపూరునుండి లారీ నడుపుకొనుచు వచ్చెను. అప్పటికి నాయనగారు పోయి రెండేండ్లు. అన్నయ్య ఎవరిని ఒక్కమాట యనలేదు. ఆ నవ్వు మాట నేను వానితో ఎన్నడును ఎత్తలేకపోతిని. ఇప్పుడు వాడును లేడు.

చిన్నవానికిచ్చిన మాట నేను తప్పలేదు. కాని మా అల్లుడు గిన్నెలు తుడుచుచుండగా మా అన్నయ్య కథ మాత్రము చెప్పితిని. ఎందుకు చెప్పుచుంటినో చెప్పలేదు. అతడు విని, "పాపం" అని, పళ్ళెము లోపల పెట్టెను. అర్థమైనదో లేదో తెలియలేదు.

మా మనుమడు గ్రంథాలయములో ఊరక కూర్చుండలేదు. ఒకనాడు నాకు పుస్తకములో చదివిన కథ చెప్పెను. 1951లో యాంకీలు మికీ మాంటిల్ అను పందొమ్మిదేండ్లవానిని తెచ్చి, రాబోవు కాలమంతయు వీడే యని పొగడిరట. వాడు జులైలో తడబడగానే క్రింది జట్టునకు, కాన్సస్ సిటీకి పంపిరి. అక్కడ నుండి వాడు తండ్రికి ఫోను చేసి నావల్ల కాదని యేడ్చెను. తండ్రి ఓక్లహోమాలో సీసము, తుత్తునాగము గనులలో కూలి. ఆయన కారు వేసుకొని వచ్చి, ఓదార్చుటకు మారుగా కొడుకు బట్టలు పెట్టెలో సర్దుచు, "రా, నాతో గనిలోనికి దిగుదువుగాని" అనెనట. కొడుకు పోలేదు. ఆ యేడే మరల పై జట్టునకు వచ్చెను. పిమ్మట యాంకీలలో అంతటివాడు లేడు. నాకీ కథ అంతగా నచ్చలేదు. ఆ తండ్రి మాటకు మా అన్నయ్య వంటివాడైనచో గనిలోనికే దిగియుండును. "మరి నీకు నచ్చిందిరా?" అంటిని. వాడు ఆలోచించి, "వాళ్ళ నాన్న డ్రైవ్ చేసుకుని వచ్చాడు కదా అమ్మమ్మా" అనెను.

జులైలో మా అల్లుడే వూస్టరు ఆటకు టిక్కెట్లు తెచ్చెను. అక్కడ మైదానము చిన్నది. మన ఊరి తిరునాళ్ళవలె ముసలివారు, చంటిపిల్లలు, ఐస్‌క్రీములు. క్యాంబెల్ కొట్టుటకు వచ్చినపుడు మా వెనుక వరుసలో నెవడో ఆరుకోట్ల డాలర్ల మాట యెత్తి వెక్కిరించెను. మా అల్లుడు వెనుకకు తిరిగి వానివంక చూచి, మరల ఇటు తిరిగి గట్టిగా చప్పట్లు కొట్టెను. క్యాంబెల్ ఆనాడు కొట్టెనో లేదో నన్నడుగకుడు. నేను మా చిన్నవాని మొగమే చూచుచుంటిని.

తిరిగివచ్చునపుడు కారులో వాడు తనంతట తానే చెప్పెను. "డాడీ, నన్ను సమ్మర్ టీములోకి తీసుకోలేదు." బండి రెండు దీపములు దాటువరకు ఎవరును మాటాడలేదు. నా చేతులు చల్లబడెను. అంతట మా అల్లుడు, "నాకు ఎంసెట్లో మొదటిసారి సీటు రాలేదు. ఏడాది గుంటూరులో లాంగ్‌టర్మ్ కోచింగులో కూర్చున్నాను. మా అన్నయ్యకు మొదటిసారే వచ్చింది. ఆ ఏడాదంతా ఇంటికి వెళ్ళాలంటే భయం" అనెను. చిన్నవాడు, "పెదనాన్న ఏమన్నాడు?" అనెను. "ఏమీ అనలేదు. ప్రతి ఆదివారం బస్సెక్కి వచ్చి సినిమాకి తీసుకెళ్ళేవాడు."

సోదరీమణులారా, కథకు సంబంధము లేకున్నను ఒకమాట. పెండ్లిమాటలనాడు వియ్యాలవారు ఈ లాంగ్‌టర్మ్ సంగతి మాకు చెప్పియుండలేదు! పదునారేండ్ల తరువాత కారులో తెలిసినది. మా అమ్మాయికిని తెలియదట. అది వేరే తగవు.

ఆగస్టులో కృష్ణాష్టమి వచ్చెను. మా పల్లెలో ఆనాడు ఉట్టి కట్టి, కొట్టువాడు ఎగురునపుడు త్రాడు లాగుచుండెడివారు. అన్నయ్య ఆ కొట్టుటలో మేటి. నాకొక ఆలోచన తోచి, మేజోడులో బంతి పెట్టి, కారుషెడ్డు దూలమునకు త్రాడు వేసి కట్టితిని. ఒక కొస నా చేత పట్టుకొని, "కొట్టరా" అంటిని. వాడు కొట్టబోవునంతలో త్రాడు కొంచెము లాగుదును, విడుతును. మొదట నవ్వెను. పిదప పండ్లు బిగించి నిలిచెను. మొదటి సాయంకాలము ఇరువదింట రెండు తగిలెను. ఆ రెండవది నా మోకాలికి తగిలినది. నాటినుండి వంట కాగానే అదే మా పని. మా అల్లుడు ఒకనాడు చూచి, "అత్తయ్యగారూ, బోస్టనువాళ్ళు మిమ్మల్ని కోచిగా పెట్టుకోవాలి" అనెను. మరునాటినుండి అప్పుడప్పుడు త్రాడు తాను పట్టుకొనెను. అతడు లాగుట మోటు, నేను నేర్పితిని.

అన్నదమ్ముల తగవు మాత్రము మానలేదు. మానునా? ఆగస్టులోనే ఆంథొనీకి ఎనిమిదేండ్లకు పదుమూడుకోట్ల డాలర్ల ఒప్పందము వ్రాసిరి. సెప్టెంబరులో ప్రక్కటెముకల కడ కండరము దెబ్బతిని వాడు కూర్చుండిపోయెను. మేయరు అంతకు ముందే మణికట్టు గాయముతో ఆగెను. ముగ్గురిలో ఒక్కడును లేకయే సెప్టెంబరు కడపట న్యూయార్కులో ఈ రెండు జట్లును మూడాటల పోటీకి దిగెను. మొదటిది బోస్టనువారు, రెండవది యాంకీలు గెలిచిరి. అక్టోబరు 2వ తేదీ రాత్రి మూడవ యాట. అన్నగారు ఫోనులో నుండిరి, ఇటు మేమందరము. యాంకీల పక్షమున బంతి విసరుటకు ఇరువదినాలుగేండ్ల క్యామ్ ష్లిట్లర్ వచ్చెను. వాడు పెరిగినది మసాచుసెట్సులోనే, వాల్‌పోల్ అను ఊరిలో, చదివినది బోస్టనులో. ఆ ఇంటిబిడ్డయే ఎనిమిది విడతలు విసరి పన్నెండుగురిని వెనుకకు పంపెను. నాలుగు పరుగులు సున్నకు యాంకీలు గెలిచిరి. "మీ ఊరివాడేరా, మీ ఊరివాడే!" అని అన్నగారు కేకలు. మా అల్లుడు ఫోనును సోఫా దిండు క్రింద త్రోసెను. దిండు క్రిందనుండియు ఆ కేకలు వినబడుచునే యుండెను.

అంత కోలాహలములో కారుషెడ్డునుండి దబ్బుమని చప్పుడు వినబడెను. పోయి చూడగా మా చిన్నవాడు త్రాడు తలుపు పిడికి ముడివేసి, తానొక్కడే కొట్టుకొనుచుండెను. జట్టునకు మరల వసంతములో ఏరుదురట. ఏరుదురో, ఏరరో.

పదిదినములకు నా ప్రయాణము. పచ్చళ్ళ సీసాలు ఖాళీయైనందున పెట్టె తేలికయైనది. మా అమ్మాయి సర్దుచు, "అమ్మా, అడుగున ఏదో చొక్కా ఉందన్నావు కదా, ఏదీ?" అనెను. నేనును చేయి పెట్టి వెదకితిని. నాలుగు నేతచీరెలు, నా మందుల సంచి, ఒక ఒంటి మేజోడు. చొక్కా లేదు.